వాగులో దిగే బండికి గాలి గొట్టం

కావలి నుంచి తడ దాకా సాగే పాత నెల్లూరు జిల్లా తీరంలో, జాతీయ రహదారికి తూర్పున ఉన్న నేలంతా పల్లమే. పెన్నా, కండలేరు, స్వర్ణముఖి అక్కడే సముద్రంలో కలుస్తాయి. కాళంగి పులికాట్ సరస్సులోకి దిగుతుంది. వీటన్నిటికీ అడ్డంగా బకింగ్‌హాం కాలువ సాగుతుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, ఈశాన్య రుతుపవనాలతోనూ వాయుగుండాలతోనూ కురుస్తుంది. ఆ మూడు నెలల్లో ఊళ్ల మధ్య చప్టాల మీద నీళ్లు పారడం అక్కడివాళ్లకు వింతేమీ కాదు. రొయ్యల గుంటలకు మేత బస్తాలు చేర్చే పికప్‌లు, పట్టుబడి రోజున ఐసు తెచ్చి సరుకు తీసుకెళ్లే వ్యాన్లు, కోట, చిల్లకూరు వైపు నుంచి సిలికా ఇసుక మోసే టిప్పర్లు, ధాన్యం ట్రాక్టర్లు, తీగలు తెగితే పరుగెత్తే కరెంటు వాళ్ల జీపులు, అన్నీ ఏదో ఒకనాడు నీళ్లలో దిగక తప్పదు. నీళ్లలో దిగిన బండికి ఏమవుతుందని అడిగితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇంజను. అది ఆగిపోతే వెంటనే తెలుస్తుంది కాబట్టి భయం కూడా దాని గురించే. కానీ ఇంజను దాకా నీరు రాని బండికి కూడా, చప్టా దాటి హాయిగా ఇంటికి చేరిన బండికి కూడా, లోపల్లోపల పెద్ద నష్టం జరిగి ఉండవచ్చు. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌లోకి నీరు చేరడమే ఆ నష్టం. దాన్ని ఆపడానికి కావలసింది కొన్ని గజాల రబ్బరు గొట్టం. సరదాకి కొండల్లో తిరిగే జీపులకంటే ముందు ఈ తీరంలో కూలికి తిరిగే బళ్లకే అది ఉండాలన్నది ఈ వ్యాసం చెప్పదలచిన సంగతి.

లారీ వెనక్కి వెళ్లి కిందికి వంగి చూస్తే రెండు చక్రాల మధ్య ఉబ్బెత్తుగా ఓ ఇనుప బుర్ర కనిపిస్తుంది. అదే డిఫరెన్షియల్ హౌసింగ్, డ్రైవర్లు దాన్ని క్రౌన్ అంటారు. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు తిరుగుడును పినియన్, క్రౌన్ అనే రెండు పళ్లచక్రాలు చక్రాల వైపు మళ్లిస్తాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరిగేలా సర్దిపెట్టే చిన్న గేర్లూ అందులోనే ఉంటాయి. ఇవన్నీ చిక్కటి గేర్ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంటాయి. పికప్ లాంటి చిన్న బండి హౌసింగ్‌లో ఇంచుమించు రెండు లీటర్ల ఆయిల్ ఉంటే, పెద్ద టిప్పర్ ఇరుసులో దానికి ఎన్నో రెట్లు పడుతుంది. ఆయిల్ పైన మిగిలిన చోటంతా గాలి. బరువుతో గంటసేపు నడిస్తే పళ్ల రాపిడికి ఆయిల్, గాలి రెండూ 80 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. హౌసింగ్‌ను పూర్తిగా మూసేస్తే 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వెళ్లేసరికి లోపలి ఒత్తిడి దాదాపు ఆరో వంతు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఆయిల్ సీళ్లలోంచి బయటికి వచ్చి బ్రేకు డ్రమ్ముల్లోకి చేరుతుంది. అలా జరగకుండా హౌసింగ్ పైభాగాన ఓ చిన్న రంధ్రం, దాని మీద వేలి కొసంత మూత పెడతారు. అదే బ్రీదర్. గాలి వేడెక్కినప్పుడు అక్కడినుంచి బయటికి పోతుంది, చల్లారినప్పుడు మెల్లగా లోపలికి వస్తుంది. పొడి రోడ్డు మీద ఈ ఏర్పాటుకు వంక పెట్టాల్సిందేమీ లేదు.

చిక్కంతా వేడి ఇరుసు చల్లటి నీళ్లలో దిగినప్పుడు వస్తుంది. మనం మామూలుగా ఊహించేది, పైన నీళ్లు ఎక్కువైతే ఆ బరువుకు నీరు లోపలికి తోసుకువస్తుందని. అందుకే ఎవరైనా లోతు ఎంత అనే అడుగుతారు. నిజానికి ఇక్కడ నీటి బరువుకంటే ఇరుసు లోపలి గాలి పాత్రే పెద్దది. హౌసింగ్‌లో మూడు లీటర్ల గాలి 80 డిగ్రీల వేడిలో ఉందనుకుందాం. నీళ్లలో మునిగి అది 30 డిగ్రీలకు చల్లారితే రెండున్నర లీటర్ల పైచిలుకు చోటులో ఇమిడిపోతుంది. తగ్గిన 400 మిల్లీలీటర్ల చోటును నింపడానికి బయటినుంచి ఏదో ఒకటి లోపలికి రావాలి. బ్రీదర్ గాలిలో ఉంటే గాలి వస్తుంది, నీళ్లలో ఉంటే నీరు వస్తుంది. చప్టా దాటే రెండు నిమిషాల్లో ఇరుసు అంతా చల్లారిపోదు కాబట్టి 400 మిల్లీలీటర్లూ ఒక్కసారే రావు. ఇనుము వేడిని కొంతసేపు పట్టి ఉంచుతుంది. అయితే గుంట గట్ల మీదికీ కాలువల్లోకీ రోజుకు నాలుగైదుసార్లు దిగి ఎక్కే బండి ప్రతిసారీ కొంచెం వేడెక్కుతూ, కొంచెం చల్లారుతూ, కొంచెం పీల్చుకుంటూనే ఉంటుంది. ఇరుసు మునిగే లోతులో ఆగిపోయిన బండి అయితే చల్లారినంతసేపూ పీలుస్తుంది. అంటే నీటి లోతు నడుము దాకా రావాల్సిన పనే లేదు. ఇరుసు పైన ఉన్న ఆ చిన్న మూత మునిగితే చాలు. పికప్‌ల విషయంలో అది మోకాలి లోతు మించదు.

ఇక్కడ మెకానిక్కులు వెంటనే అడ్డుచెప్పే మాట ఒకటుంది. బ్రీదర్ మీది మూత గాలిని బయటికి పోనిస్తుందే తప్ప తిరిగి లోపలికి రానివ్వదు కదా, మరి నీరెలా వస్తుంది అని. కొన్ని బళ్లలో మూత అలాంటిదే. కొత్తగా, శుభ్రంగా ఉన్నంతకాలం అది నీటిని ఆపుతుంది కూడా. అయితే మూత గట్టిగా మూసుకుంటే కథ ఇంకో దారి పడుతుంది. గాలి రాలేదు, నీరూ రాలేదు, లోపలి గాలి మాత్రం చల్లారింది. 80 నుంచి 30 డిగ్రీలకు దిగిన గాలి ఒత్తిడి సుమారు 14 శాతం పడిపోతుంది. నీటి లెక్కలో చెప్పాలంటే అది దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నీరు మోపే ఒత్తిడికి సమానం. దానికి బయట ఉన్న అరమీటరు నీటిని కలిపితే, మోకాళ్లు దాటీ దాటని నీళ్లలో నిలబడ్డ బండి ఆయిల్ సీళ్లు మనిషి నిలువు లోతులో మునిగినంత ఒత్తిడిని భరిస్తున్నాయన్నమాట. ఆ సీళ్లు లోపలి ఆయిల్‌ను బయటికి పోనివ్వకుండా ఆపడానికి చేసినవి. వాటి పెదవి లోపలి వైపుకు తిరిగి ఉంటుంది. బయటినుంచి లోపలికి వచ్చే నీటిని ఆపడం వాటి మొదటి పని కాదు. కొత్త సీలు ఓ మేరకు ఆపవచ్చు. లక్ష కిలోమీటర్లు తిరిగి, ఇసుక రాసుకుని, పెదవి అరిగిపోయిన సీలు ఆపదు. ఇక అడుసు ఆరి గట్టిపడి మూసుకుపోయిన బ్రీదర్లకూ ఇదే వర్తిస్తుంది. నీరు రాకూడదని కొందరు ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తోనో బోల్టుతోనో బిగించేస్తారు. అది రెండు వైపులా నష్టమే తెస్తుంది. ఎండలో ఆయిల్ బయటికి తోసుకువస్తుంది, నీళ్లలో సీళ్ల గుండా నీరు లోపలికి వస్తుంది.

కొంచెం నీరు వెళ్తే ఏమవుతుంది, అంత ఆయిల్‌లో అదెంత అనే నిర్లక్ష్యం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైనది. బేరింగులు, గేర్ల పళ్లు ఒకదానికొకటి తగలకుండా కాపాడేది వెంట్రుక మందంలో ఎన్నో వంతు పలచన ఉండే ఆయిల్ పొర. ఆ పొరలో నీటి చుక్క చిక్కుకుంటే అక్కడ లోహం మీద లోహం పడుతుంది. రోలర్ బేరింగుల ఆయుష్షు ఆయిల్‌లోని నీటిని బట్టి ఎలా తగ్గుతుందో కాంట్లీ అనే ఇంజినీరు 1977లో ప్రచురించిన పరిశోధనలో లెక్క కట్టి చూపించాడు. పది లక్షల పాళ్ల ఆయిల్‌లో 100 పాళ్ల నీరు ఉన్నప్పటి ఆయుష్షును ఒకటి అనుకుంటే, 25 పాళ్లే ఉన్నప్పుడు అది రెండు రెట్లు దాటుతుంది, 400 పాళ్లకు చేరితే సగానికంటే తక్కువకు పడిపోతుంది. రెండు లీటర్ల ఆయిల్‌లో 400 పాళ్లంటే ఒక మిల్లీలీటరు కూడా లేదు. ఒక్క చప్టా దగ్గర లోపలికి చేరగల నీటి ముందు ఈ కొలత ఎంత చిన్నదో చూడండి. నీరు బాగా ఎక్కువైతే పళ్లచక్రాలు దాన్ని ఆయిల్‌తో చిలికి, పాలు ఎక్కువైన టీ రంగులోకి తెస్తాయి. మెకానిక్ ప్లగ్గు తీసినప్పుడు ఆ రంగు కారితే ఆలస్యం జరిగిపోయిందనే అర్థం. అయితే రంగు మారనంత మాత్రాన నీరు లేదని కాదు. బేరింగుకు చేటు చేసే నీరు కంటికి కనిపించే నీటికంటే చాలా తక్కువ.

నెల్లూరు తీరానికి ఇంకో రెండు చిక్కులు అదనంగా ఉన్నాయి. మొదటిది ఉప్పు. తెలంగాణ పీఠభూమి మీద వాగు దాటే లారీకి తగిలేది మంచినీరు. ఇక్కడ కృష్ణపట్నం దగ్గరి కండలేరు పాయలోనో, పులికాట్ అంచునో, ఇసకపల్లి ఉప్పు కయ్యల పక్క బాటలోనో, రొయ్యల గుంటల మధ్య కాలువలోనో తగిలేది ఉప్పునీరు, లేదంటే ఉప్పు కలిసిన నీరు. బండి తిరుగుతున్నప్పుడు ఆయిల్ పొర కొంత కాపాడుతుంది. రాత్రి బండి ఆపాక నీరు కిందికి దిగి రోలర్ల కింద చేరుతుంది. తెల్లారేసరికి ఉప్పు తన పని మొదలుపెడుతుంది. బేరింగు పట్టీ మీద రోలర్లు ఎంత ఎడంగా ఉంటాయో అంతే ఎడంగా తుప్పు గీతలు పడతాయి. ఆ గీతల మీద ప్రతి రోలరూ ప్రతి చుట్టులోనూ దెబ్బ తింటుంది. కొన్ని వారాలకు వెనకనుంచి సన్నగా మోత మొదలవుతుంది. అప్పటికి ఆ చప్టా సంగతి ఎవరికీ గుర్తుండదు. నష్టానికీ కారణానికీ మధ్య ఇంత ఎడం ఉండడం వల్లే ఈ జబ్బును చాలామంది నాసిరకం ఆయిల్ మీదికో డ్రైవరు మీదికో నెట్టేస్తారు. రెండో చిక్కు ఇసుక. సిలికా రేణువు ఉక్కును గీరగలిగేంత గట్టిది. సిలికా గుంతల చుట్టూ నిలిచే నీటిలో ఆ సన్నటి ధూళి కలిసే ఉంటుంది. నీటితోబాటు అది కూడా హౌసింగ్‌లోకి వెళ్తే ఆయిల్ మార్చినా మూలల్లో కొంత మిగిలిపోతుంది. సిలికా టిప్పర్లు చిన్న గుంత దాటినా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక మందు సంగతి. హౌసింగ్ మీది మూతను విప్పి, ఆ చోట గొట్టం తొడగడానికి వీలైన ఇత్తడి నాజిల్ బిగిస్తారు. దానికి ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు గొట్టం, అంటే డీజిల్ లైనుకు వాడే రకం, తొడిగి క్లిప్పు వేస్తారు. లోపలి వ్యాసం ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. మామూలు నీళ్ల పైపు పనికిరాదు, వేడికీ ఆయిల్‌కూ మెత్తబడి నొక్కుకుపోతుంది. గొట్టాన్ని ఇరుసు నుంచి ఛాసిస్ మీదికి తీసుకెళ్లే చోట వదులు ఉంచాలి. బరువు దించినప్పుడు, గుంతలో చక్రం దిగినప్పుడు ఇరుసు జానెడు పైకీ కిందికీ ఆడుతుంది. గొట్టం బిగుతుగా ఉంటే ఆ ఊపులో తెగుతుంది, తెగిన సంగతి నీళ్లలో దిగాక గానీ తెలియదు. అలాగని మరీ వదులిచ్చి కిందికి వేలాడేలా వదిలితే ఆ వంపులో ఆయిల్ చుక్కలు, చెమ్మ చేరి దారి మూసుకుపోతుంది. అందుకే ఇరుసు దగ్గర్నుంచి చివరిదాకా గొట్టం ఎక్కుతూనే పోవాలి. సైలెన్సరు పైపుకు దూరంగా, బ్రేకు పైపుల వెంట, ఛాసిస్‌కు క్లాంపులతో కట్టుకుంటూ రావాలి. చివర ఎక్కడ పెట్టాలన్నది బండిని బట్టి ఉంటుంది. జీపుల్లో, పికప్‌లలో ఇంజను గదిలో ఎయిర్ ఫిల్టరు ఎత్తున పెట్టడం మంచిది, ఎందుకంటే నీరు అంత ఎత్తుకు వస్తే ఇంజనే ఆగిపోతుంది, ఇక ఇరుసు గురించి ఆలోచించే అవసరమే రాదు. లారీలో క్యాబిన్ వెనక గోడకు ఎక్కించవచ్చు. కొసను కిందికి వంచి, చిన్న ఫ్యూయల్ ఫిల్టరు తొడిగితే దుమ్ము పోదు, పురుగు గూడు పెట్టదు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ముందు ఇరుసు, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు బ్రీదర్లకు కూడా ఇదే చేయాలి. వస్తువుల ఖర్చు చిన్న బండికి కొన్ని వందల రూపాయలు, చేతి పని సగం పూట. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన తంత్రం కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం కోసం చేసిన ఎం38 జీపులో గేరుబాక్సు గాలి గొట్టాలను ఎయిర్ క్లీనరు దాకా తీసుకెళ్లారు. ఆ విల్లీస్ జీపుల కుటుంబమే 1947 నుంచి మహీంద్రా ద్వారా మన ఊళ్లకు వచ్చింది.

అంత అవసరమైతే కంపెనీ వాళ్లే పెట్టి ఇచ్చేవారు కదా అనేది ఆలోచించదగ్గ అభ్యంతరమే. కొన్నిటికి పెట్టే ఇస్తున్నారు కూడా. నీళ్లలో దిగుతుందని చెప్పి అమ్మే ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లకు ఎంత లోతు దాకా దిగవచ్చో కాగితం మీద రాసి ఉంటుంది. మహీంద్రా థార్‌కు 650 మిల్లీమీటర్లు, ఫోర్స్ గూర్ఖాకు 700 మిల్లీమీటర్లు. గూర్ఖాకు గాలిని పైనుంచి తీసుకునే స్నార్కెల్ కూడా ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ఈ తీరానికి ఆనుకుని ఉన్న శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. నీళ్లలో దిగే బళ్లంటే ఏమిటో తెలిసిన ఫ్యాక్టరీ తీరానికి ఇంత దగ్గర్లోనే ఉంది. కానీ ఈ తీరంలో నీళ్లలో దిగే బళ్లలో చాలావరకు థార్లూ గూర్ఖాలూ కావు. అవి రెండు చక్రాలకే శక్తి అందే సరుకు పికప్‌లు, మినీ లారీలు, టిప్పర్లు. దేశమంతటికీ ఒకే రకంగా తయారయ్యే ఈ బళ్లను రూపొందించేవాళ్లు తారురోడ్డునే దృష్టిలో పెట్టుకుంటారు. అనంతపురంలో తిరిగే పికప్‌కూ ఈ తీరంలోని విడవలూరులో తిరిగే పికప్‌కూ ఒకే బ్రీదర్ ఉండడంలో కంపెనీ తప్పేమీ లేదు. ఆ తేడాను సర్దుకోవాల్సింది బండి తిరిగే చోటే. వారంటీ పోతుందన్న భయం కొత్త బళ్ల విషయంలో సమంజసమే. అందుకు సర్వీసు సెంటరును ముందే అడిగి, కంపెనీ విడిభాగాల్లోనే అలాంటి కిట్టు ఉందేమో చూడాలి. ఉంటే అదే మేలు. వారంటీ దాటిన బళ్లకు, తీరంలో తిరిగేవాటిలో అవే ఎక్కువ, ఆ చిక్కూ లేదు.

గొట్టం గొడవంతా ఎందుకు, నీళ్లలో దిగాక ఆయిల్ మార్చేస్తే పోదా అనేవాళ్లున్నారు. ఆయిల్ మార్చడం మంచిదే, గొట్టం ఉన్నా అనుమానం వస్తే మార్చాల్సిందే. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లవారాక కింది ప్లగ్గును కొంచెం వదులు చేస్తే, ఆయిల్‌కంటే బరువైన నీరు ముందు కారుతుంది. కొన్ని చుక్కలు పడ్డా మొత్తం తీసి, లోపల కడిగి, కొత్తది పోయాలి. కానీ ఈ మందు అరుదుగా నీళ్లలో దిగే బండికే సరిపోతుంది. నవంబరులో వారానికి మూడుసార్లు చప్టా దాటే పికప్ ప్రతిసారీ ఆయిల్ మారుస్తుందా? పెద్ద టిప్పర్‌కు ప్రతిసారీ పది లీటర్లకు పైగా గేర్ ఆయిల్ ఎవరు పోస్తారు? పైగా పట్టుబడి నడుస్తున్నప్పుడు సరుకు ఐసులో ఉంటుంది, బండి రాత్రంతా ఆగే వీలుండదు. ఉప్పునీరు మాత్రం ఆ మొదటి రాత్రి నుంచే తినడం మొదలుపెడుతుంది. ఇంకో సలహా వింటుంటాం, నీళ్లలో దిగేముందు కాసేపు ఆగి ఇరుసు చల్లారనివ్వాలని. శాస్త్రం ప్రకారం అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. చెయ్యి పెట్టగలిగేంత చల్లారితే పీల్పు చాలా తగ్గుతుంది. అరగంట ఆగగలిగినవాళ్లు తప్పకుండా ఆగాలి. కాకపోతే అంత ఇనుము చల్లారడానికి పట్టే సమయం, చప్టా మీద నీరు పెరుగుతూ ఉండే సమయం సాధారణంగా ఒకటే అవుతాయి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయన్న ధీమాతో డ్రైవర్లు దిగకూడని నీళ్లలో దిగుతారు కదా. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగి, సోమశిల నుంచి పెన్నాకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది. 2015 నవంబరు వానలకు మనుబోలు ప్రాంతంలో అదే రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. రైలుకట్టనే కదిపిన నీటి ముందు ఏ గొట్టమూ ఏ లారీనీ కాపాడదు. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కార్లను, రెండడుగులుంటే పెద్ద బళ్లను కూడా లాక్కుపోగలదని అమెరికా వాతావరణ శాఖ ఏళ్ల తరబడి హెచ్చరిస్తోంది. చప్టా కింద రోడ్డు మిగిలి ఉందో లేదో పైనుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే బ్రీదర్ గొట్టానికి ఉన్న పని ఏమిటో, లేని పని ఏమిటో తేటగా చెప్పాలి. అది బండిని తేల్చదు, ప్రవాహాన్ని ఆపదు, దిగగల లోతును ఒక్క అంగుళం కూడా పెంచదు. ఎలాగూ దిగక తప్పని, రోజూ దిగుతూనే ఉన్న, నిలకడగా ఉన్న మోకాలి లోతు నీళ్లలో ఇరుసును కాపాడుతుంది, అంతే. ఇవాళ గొట్టం లేకుండా ఆ నీళ్లలో దిగుతున్న డ్రైవరుకు కొత్తగా వచ్చే ధైర్యం ఏమీ ఉండదు, ఎందుకంటే ఇరుసులో నీరు చేరుతుందన్న భయంతో అతను ఎప్పుడూ ఆగలేదు. అతన్ని ఆపేది ఇంజను ఆగిపోతుందన్న భయం, కొట్టుకుపోతామన్న భయం. ఆ రెండూ అలాగే ఉంటాయి, ఉండాలి కూడా.

గొట్టం కాపాడలేని భాగాలు ఇంకా ఉన్నాయి. చక్రాల హబ్ బేరింగుల్లో చాలావాటికి గ్రీజే ఆధారం. వాటికి బ్రీదర్ ఉండదు. ఉప్పునీళ్లలో తిరిగిన బండికి సీజను తర్వాత హబ్బులు విప్పి గ్రీజు మార్చాల్సిందే. బ్రేకులు తడిస్తే కొంతదూరం పట్టవు, నీళ్లు దాటగానే మెల్లగా నడుపుతూ బ్రేకును నొక్కి ఆరబెట్టుకోవాలి. ట్రాక్టర్ల విషయం మరీ శ్రద్ధగా చూడాల్సింది. దమ్ము చేసేటప్పుడు, అలుగు దాటేటప్పుడు వెనక భాగం నీళ్లలోనే ఉంటుంది, పైగా ఎక్కువ ట్రాక్టర్లలో గేరుబాక్సుకూ డిఫరెన్షియల్‌కూ హైడ్రాలిక్కులకూ ఆయిల్ ఒక్కటే. ఒక చోట నీరు చేరితే లిఫ్టు పంపు దాకా పాకుతుంది. అది నలభై లీటర్ల వ్యవహారం కావచ్చు కాబట్టి, బ్రీదర్ ఎక్కడుందో, మూత ఉందో లేదో ట్రాక్టరు యజమాని దమ్ముకు ముందే చూసుకోవాలి.

మరి ఇంత చవకైన పని ఇంతవరకూ ఎందుకు జరగలేదంటే, డబ్బు ఒకరిది, బండి ఇంకొకరి చేతిలో ఉండడం వల్ల. నీళ్లలో దిగాలా వద్దా అన్నది డ్రైవరు చేతిలో ఉంటుంది, అదీ మేత సమయానికి చేరకపోతే మాట పడేది అతనే కాబట్టి. క్రౌన్ పోతే ఖర్చు యజమానిది. పోయింది ఎందుకో ఇద్దరికీ తెలియదు. రొయ్యల కంపెనీలు, సిలికా గనుల వాళ్లు, ఓడరేవుకు సరుకు తోలే రవాణా సంస్థలు బళ్లను అద్దెకు తీసుకునేటప్పుడు టార్పాలిన్, నంబరు ప్లేటు, ఇన్సూరెన్సు చూస్తాయి. బ్రీదర్ గొట్టం ఉందా అని అడగడం వాటికి పెద్ద పని కాదు. దానికి కొద్దిగా అద్దె పెంచినా నష్టమేమీ లేదు. ప్రభుత్వ బళ్ల విషయంలో మాత్రం ఆలస్యానికి సాకే లేదు. తుపాను వస్తే ముందు నీళ్లలో దిగేవి ఆ బళ్లే, దిగక తప్పనిదీ వాటికే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను నుంచి ఇవాళ్టి దాకా తీరంలో ప్రతి తుపానుకూ రెవెన్యూ, విద్యుత్తు, పోలీసు, పంచాయతీ శాఖల బళ్లు పల్లెలకు పరుగెత్తుతూనే ఉన్నాయి. తీర మండలాల్లో తిరిగే ఆ జీపులకూ లారీలకూ సెప్టెంబరులో చేసే సర్వీసులో ఈ పని కలిపితే సరిపోతుంది. పాత బ్రీదర్ విప్పి అడుసు కడగడం, సీళ్లు చూడడం, గొట్టం కట్టడం, చివరగా గొట్టం కొసనుంచి నోటితో గాలి ఊది దారి తెరిచి ఉందో లేదో పరీక్షించడం, ఇవన్నీ కలిపి ఒక మెకానిక్‌కు బండికి ఒక పూట పని. బండి ఎక్కువగా ఉప్పునీటి వైపు తిరిగితే ఆ సీజను ముగిశాక, సంక్రాంతి లోపు, ఆయిల్ ఒకసారి దించి చూడాలి. గొట్టం మధ్యలో ఎక్కడైనా తెగిందేమో, ఫిల్టరు అడుసుతో మూసుకుపోయిందేమో తెలిసేది అప్పుడే.